నామం పడిన మూట

నా గొంతు మొదటి నుంచీ ఇంతే, బండ మీద బండ ఈడ్చినట్టు ఉంటుంది. ఆళ్ళగడ్డలో నేను పనిచేసే ఆసుపత్రిలో నేను పై అంతస్తులో నవ్వితే, కింద మందుల షాపు దగ్గర చీటీ చూపిస్తున్న మనిషి ఉలిక్కిపడతాడని మా డాక్టరమ్మ అంటుంది. ఆ గొంతుతోనే ఇదంతా చెప్తున్నాను, మా చెల్లెలి కూతురు రాస్తోంది. నాకు అంకెలు వచ్చు, నా పేరు వచ్చు. అంతకు మించి అక్షరం ఎదురైతే అది నన్ను చూస్తుంది, నేను దాన్ని చూస్తాను, ఇద్దరం ఎవరి దారిన వాళ్లం పోతాం.

నా పని ఆవిరి పట్టడం. కాన్పులకు, కోతలకు వాడిన కత్తెరలు, పట్టుకార్లు, స్టీలు గిన్నెలు కడిగి, ఆరబెట్టి, గుడ్డలో మూట కట్టి, ఆవిరి మిషన్‌లో పెట్టి, క్రిములన్నీ చచ్చేదాకా ఉంచి, తీసి ఆపరేషన్ గదికి ఇవ్వడం. మా ఆయన చనిపోయిన ఏడాది ఆ ఆసుపత్రిలో ఊడ్చే పనికి చేరాను. రెండేళ్ల తరువాత మిషన్ చూసే ఆమె పెళ్లి చేసుకుని ప్యాపిలి పోయింది. మనిషి దొరికేదాకా చూసుకోమని డాక్టరమ్మ నాకు అప్పజెప్పింది. ఆ మనిషి దొరకనే లేదు, నేనే ఆ మనిషినయ్యాను.

పాత మిషన్ నిలువు పీపా లాంటిది. మూతకు మరలు, పక్కన ఒక ముల్లు. ఆ ముల్లు ఎక్కడికి వచ్చి నిలబడాలో అక్కడ డాక్టరమ్మ తన గోళ్ల రంగుతో ఎర్ర చుక్క పెట్టింది. ఇంక మూట మీద ఒక టేపు అంటిస్తాం. దాని మీద ఏటవాలు గీతలు ఉంటాయి, తెల్లతెల్లగా, ఉన్నాయా లేవా అన్నట్టు. ఆవిరి తగిలితే అవి నల్లబడతాయి. మొదటిసారి మూత తీసి ఆ నల్ల గీతలు చూసినప్పుడు నాకు వచ్చిన మాట ఒకటే, "నామం పడింది!" మాది అహోబిలం కింద ఊరు, గీతలు కనపడితే నాకు నామమే. ఆ రోజు నుంచి నామం పడితే ఇస్తాను, పడకపోతే ఇవ్వను. అంతే నా శాస్త్రం.

అలా హాయిగా ఉండగా కొత్త మిషన్ వచ్చింది. బీరువా అంత ఉంది. ముల్లు లేదు, చుక్క పెట్టడానికి చోటు లేదు. ముందు ఒక అద్దం, దాని మీద అన్నీ ఇంగ్లీషు అక్షరాలు. డాక్టరమ్మ నన్ను పిలిచి మిషన్ వైపు కాకుండా కిటికీ వైపు చూస్తూ మాట్లాడింది. అప్పుడే నాకు అర్థమైంది.

"దీనికి చదువుకున్న పిల్ల కావల్ల. నువ్వు మళ్లీ వార్డు చూసుకో."

"నాకు కండ్లు ఉండాయి గదమ్మా."

"కండ్లు ఉంటే చాలదు. లోపల ఏం జరుగుతాందో తెలియల్ల."

"పాత దాంట్లో ఏం జరిగిందో నాకు తెల్సునా? అయినా జరిగింది గదా."

ఆమెకు నవ్వు వచ్చింది. నవ్వు వస్తే ఆమె మెత్తబడుతుంది, అది నాకు తెలుసు.

"నంద్యాలలో నాకు తెలిసిన పెద్ద ఆసుపత్రి ఉండాది. ఆడ ఈ పనికే ఒక సిస్టరు ఉంటాది. పది రోజులు పోయి నేర్చుకో. ఆమె నీకు పని వచ్చిందని రాసిచ్చి సంతకం పెడితే మిషన్ నీది. పెట్టకపోతే చీపురు నీది."

చీపురు పట్టడం నాకు నామోషీ కాదు. కానీ వార్డులో ఉంటే "తుడిచినావా?" అని అడుగుతారు. మిషన్ గదిలో ఉంటే "అయిందా?" అని అడిగి, నేను అయిందనేదాకా నిలబడతారు. తెల్ల కోటు వాళ్లు కూడా నిలబడతారు. మా ఆయన ఉన్నప్పుడు కూడా నా మాట కోసం ఎవరూ అలా నిలబడింది లేదు. ఆ నిలబడడం నేను ఎందుకు వదులుకోవాలి?

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. ఆడవాళ్లకు టికెట్టు సున్నా కదా, కండక్టరు సున్నా టికెట్టు చింపి ఇస్తూ అడిగాడు.

"ఏం పెద్దమ్మా, నంద్యాలకు ఎందుకు?"

"చదువుకోనీకి."

"ఏం క్లాసు?"

"ఉడకబెట్టే క్లాసు."

"హోటల్ పెడ్తాండావా ఏందీ?"

"ఊ. నీకు రెండు కత్తెర్లు, ఒక పట్టుకారు ప్లేటులో పెట్టిస్తా, ఊరికే తిను."

బస్సంతా నవ్వింది. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. ముందు సీటులో ఒక పెద్దావిడ నా బోసి మెడ చూసి, మొగుడు లేని ఆడది అంత గట్టిగా నవ్వుతుందా అని పక్కనామెతో అంది. నాకు వినపడాలనే అంది. నేను ముందుకు వంగి, "ఆయన ఉన్నప్పుడు ఇంకా గట్టిగా నవ్వుతాంటి అక్కా, ఇప్పుడు తగ్గించినా" అన్నాను. ఆమె నంద్యాల దాకా మళ్లీ తల తిప్పలేదు.

ఆ ఆసుపత్రిలో ఆవిరి గది అడుగు అంతస్తులో ఉంది. గది కాదది, మూడు గదులు. ఒక గదిలోకి మురికివి వస్తాయి, నడిమి గదిలో కడిగినవి మూటలవుతాయి, చివరి గదిలో శుభ్రమైనవి ఉంటాయి. మురికి గదిలోని మనిషి శుభ్రమైన గదిలోకి పోకూడదు. సిస్టరమ్మ సన్నగా, నిటారుగా, కళ్లద్దాలు పెట్టుకుని ఉంది. ఆమె ముఖంలో నవ్వు అనేది ఎక్కడ పెట్టుకుందో నాకు కనపడలేదు.

నాతోపాటు నేర్చుకోవడానికి ఇంకొక ఆమె వచ్చింది. బండి ఆత్మకూరు అవతల నల్లమల అంచున ఉండే చెంచుల పిల్ల, ముప్పై ఏళ్లు ఉంటాయి. కొండ కింద చిన్న దవాఖానాలో ఆయా. నేను మాట్లాడితే చాలు, ఆమెకు నవ్వు. నేను మాట్లాడకపోయినా, ఇప్పుడు ఏం మాట్లాడుతానో అని నవ్వు.

సిస్టరమ్మ మొదటి ప్రశ్న నన్నే అడిగింది.

"ఇన్నేండ్లూ మీ ఆసుపత్రిలో ఎట్లా చేస్తాంటివి?"

నేను గర్వంగా చెప్పాను. "నామం పెట్టేదాన్నమ్మా."

"ఏమంటివి?"

"నామం. ఒక్కటి గూడా ఇడ్సలేదు. అన్నిటికీ నామమే."

"ఎవరికి పెట్టినావు?"

"కాన్పులకు ఎక్కువ. కోతలకు తక్కువ."

"మీ డాక్టరమ్మకు తెల్సునా ఇది?"

"తెలియకేం! నామం పెట్టినావా, అయితే తే, అంటాది."

సిస్టరమ్మ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. పక్కన చెంచు పిల్ల అప్పటికే బల్ల కిందికి జారిపోతోంది. ఇంతమందిని మోసం చేశానని నేను నోరారా ఒప్పుకుంటున్నానని నాకు ఇంకా తట్టలేదు. పైగా రుజువు ఉందని సంచిలోంచి మా రిజిస్టరు తీశాను. మూట తీసిన ప్రతిసారీ ఒక గడిలో సంతకం పెట్టాలి. సంతకానికి చాలాసేపు పడుతుందని నేను నా గుర్తు వేసేదాన్ని, పెన్నుతో మూడు నిలువు గీతలు. సిస్టరమ్మ ఒక పేజీ తిప్పింది, ఇంకొకటి తిప్పింది. ఏడాది పొడుగునా నామాలు. రోజుకు రెండు, మూడు, కాన్పులు ఎక్కువున్న రోజు ఐదు.

"ఇన్ని నామాలు నేను గుళ్లో గూడా సూడలేదక్కా" అంది చెంచు పిల్ల, కింద నుంచి.

నేను సంచిలో ఉన్న టేపు ముక్క తీసి చూపించి, నల్ల గీతల మీద వేలు పెట్టి, "ఇదేనమ్మా నామం" అన్నాను. అప్పుడు సిస్టరమ్మ ముఖం కదిలింది. పెదవులు బిగపట్టింది, ముక్కు ఎగరేసింది, ఇంక ఆపుకోలేక లేచి పక్కనున్న కాగితాల గదిలోకి పోయింది. తలుపు వెనక నుంచి పిల్లి తుమ్మినట్టు చప్పుడు వచ్చింది. అదే ఆమె నవ్వు అని తరువాత తెలిసింది.

తిరిగి వచ్చి ఇంకొకటి అడిగింది. "మూటలు తడిగా వస్తే ఏం చేస్తాంటివి?"

"మేడ మీద ఎండలో పెడ్తాంటి. డాక్టరమ్మ చూసి కేకలేసింది. అప్పట్నుంచి ఫ్యాను కింద పెడ్తాండా."

ఆమె ఈసారి నవ్వలేదు. కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది.

"రాండి" అని మమ్మల్ని నడిమి గదిలోకి తీసుకుపోయింది. గుడ్డలు మడతల మీద మడతలు పెట్టి, మోకాలితో తొక్కి, రాయిలాగా బిగించి ఒక మూట కట్టింది. కట్టే ముందు సరిగ్గా నడుమ, మూటకు గుండెకాయ ఉండే చోట ఒక చిన్న కాగితం ముక్క పెట్టింది. ఆవిరి అందితే అది కూడా నల్లబడుతుందట. మూట మీద టేపు అంటించి మిషన్‌లో పెట్టింది. అంతా అయ్యాక తీస్తే పైన గీతలు నల్లగా నిగనిగలాడుతున్నాయి.

"ఏం పడింది?" అంది నన్ను.

"నామం."

"ఇయ్యొచ్చునా?"

"దర్జాగా ఇయ్యొచ్చు."

మూట విప్పింది. ఒక మడత, ఇంకొక మడత, ఇంకొకటి. నడుమ కాగితం ముక్క పెట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. తెల్లగా నన్ను చూస్తోంది.

నాకు కుడుములు గుర్తొచ్చాయి. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు గిన్నెలో ఒకదాని మీద ఒకటి కూరి ఆవిరి పెట్టాను. పైవి చక్కగా మెరుస్తున్నాయి. మా అత్త కొరికితే నోట్లో పచ్చి పిండి. ఇక్కడ అదే జరిగింది, కానీ ఇక్కడ కొరికేది మనిషి కడుపు.

"ఆ టేపు మూట బయట ఆవిరి తగిలిందని చెప్తాది, అంతే" అంది సిస్టరమ్మ. "లోపలి సంగతి దానికి తెలీదు. లోపల గాలి ఇరుక్కుంటే ఆవిరి పోదు. మూట వదులుగా కట్టల్ల, మిషన్‌లో మూటకూ మూటకూ నడుమ సందు ఇడ్సల్ల."

 బయటికి పోయి డాక్టరమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, నేనిచ్చిన మూటల వల్ల ఎవరికన్నా చీము పట్టిందా?"

"ఏందీ, పోయిన రోజే చీము గురించి అడుగుతాండావ్?"

"చెప్పమ్మా ముందు."

"పట్టింటే నీ జుట్టు నా చేతిలో ఉండేది. నువ్వు కట్టే మూట గాలికి ఇప్పుకుంటాది, అంత వదులు. ఆవిరి దాంట్లోకి పోక యాడికి పోతాది? పో, నేర్చుకో."

బద్ధకంగా కట్టడం వల్లే ఇన్నాళ్లూ మేలు జరిగిందన్నమాట! అది చెప్తే చెంచు పిల్లకు నవ్వి నవ్వి ఎక్కిళ్లు వచ్చాయి.

ఆ తరువాత రోజులు ఎలా గడిచాయో నాకే తెలియదు. అక్కడి మిషన్ మా కొత్తదాని లాంటిదే, అద్దం మీద అక్షరాలు నాకు రావు కదా, సిస్టరమ్మ బొమ్మలు, రంగులు, అంకెలు చూపించింది. వేడికి ఒక అంకె, ఒత్తిడికి ఒక అంకె, నిమిషాలకు ఒక అంకె. అంకెలు నావే. చివరికి ఆరబెట్టే వంతు ఉంటుంది, అప్పుడు పచ్చ రంగు తిరుగుతూ ఉంటుంది. అది ఆగేదాకా తలుపు ముట్టకూడదు. తీసిన మూటను వెంటనే చల్లటి బల్ల మీద పెట్టకూడదు, అడుగున చెమట పడుతుంది. గిన్నెను మూతి పైకి పెట్టి మూట కట్టకూడదు, ఆవిరి నీళ్లయి అందులో నిలుస్తుంది. పక్కకు వాల్చి పెట్టాలి. తడి మూట అంటే పచ్చి మూటే. తడి గుడ్డ క్రిములకు వేసిన రోడ్డు లాంటిదని, దాని మీద నడిచి లోపలికి పోతాయని చెప్పింది.

"చెప్పులేసుకొనా, ఉట్టి కాళ్లతోనా?" అని చెంచు పిల్ల నా చెవిలో అడిగింది. సిస్టరమ్మ ఇద్దరినీ బయట నిలబెట్టింది. నా వయసులో గోడకు నిలబడడం! అక్కడ కూడా నవ్వే.

పదో రోజు వచ్చింది. సిస్టరమ్మ సంతకం పెట్టే రోజు. ఆ పొద్దున ఒక వరిబీజం ఆపరేషన్ ఉంది. "ఆ సెట్టు నువ్వే కట్టు, నువ్వే పెట్టు, నువ్వే ఇయ్యి. నేను రాను" అని చెప్పి సిస్టరమ్మ కాగితాల పనిలో కూర్చుంది. చెంచు పిల్ల, నేను కలిసి కట్టాం. ఆమె ఒకసారి తమ దవాఖానాలో కోతి దూరి దూది మూట ఎత్తుకుపోయిన సంగతి చెప్తోంది. కోతి చెట్టు మీద దూది చింపి చెవుల్లో పెట్టుకుందట. నేను కళ్లనీళ్లు తుడుచుకుంటూనే మూట కట్టాను.

మిషన్ ఆగింది. తలుపు తీశాను. టేపు నల్లగా ఉంది. అంకెలు సరిగ్గా ఉన్నాయి. మూటను పళ్లెం మీదే చల్లారనిచ్చి, అరచేయి అడుగున పెట్టి ఎత్తాను.

అడుగు చెమ్మగా ఉంది.

చెమ్మ ఎందుకు వచ్చిందో అరక్షణంలో తెలిసిపోయింది. గిన్నె. కోతి చెవుల్లో దూది పెట్టుకుంటున్నప్పుడు నేను గిన్నెను మూతి పైకి పెట్టాను. తప్పు నాదే, అదీ సంతకం రోజున. చెమ్మ ఎక్కువ లేదు, రూపాయి బిళ్లంత. ఎవరికీ కనపడదు. కాసేపు ఆగితే గాలికి అదే ఆరిపోతుంది కూడా.

అంతలో ఆపరేషన్ గది నుంచి, మూటలు అందించే కిటికీ దగ్గరికి మనిషి వచ్చాడు. "సెట్టు ఇయ్యమ్మా, సార్ అడుగుతాండాడు."

"ఇయ్యను."

"ఏందీ?"

"పచ్చిగుండాది. మళ్లీ పెట్టల్ల."

అతను పోయాడు. చెంచు పిల్ల నవ్వు ఆపి నా చేయి పట్టుకుంది. "అక్కా, నీ కాగితం" అంది. నాకు మాత్రం ఏం తెలియదా? ఆ చెమ్మతో పాటు నా గిన్నె సంగతి బయటపడుతుంది, సిస్టరమ్మ సంతకం పెట్టదు, నాకు చీపురే. కానీ అరచేతికి తెలిసినదాన్ని నోటితో కాదనడం ఎలా?

ఈసారి సర్జను సారే వచ్చాడు. పొడుగ్గా, తలకు ఆకుపచ్చ టోపీతో, కిటికీలోంచి వంగి చూశాడు.

"ఏమ్మా, లైన్లు నల్లగా వచ్చినాయి గదా?"

"వచ్చినాయి సార్. బయట."

"మరి ఇంకేం?"

"అడుగున తడి ఉండాది. నేనే గిన్నె తప్పు పెట్టినా. మూట ఇప్పి మళ్లీ కట్టి, మళ్లీ పెట్టల్ల."

"ఎంతసేపు?"

"గంట పైనే."

"పేషెంటు రెడీగా ఉండాడు!"

"మత్తు ఇచ్చినారా సార్?"

"లేదు, ఇయ్యబోతాండారు."

"అయితే ఇయ్యొద్దని చెప్పండి. మీరు పోయి టీ తాగి రాండి."

నా గొంతు సంగతి చెప్పాను కదా. నేను మెల్లగా అన్నాననే అనుకున్నాను. కాగితాల గది నుంచి సిస్టరమ్మ పరుగున వచ్చింది. సర్జను ఆమెకేసి చూశాడు, ఆమె మూట కింద చేయి పెట్టి చూసింది.  మూటను నా చేతిలోంచి తీసుకుని, టేపు పీకి, విప్పి నా ముందు పరిచింది. గిన్నెలో ఒక గుటకంత నీళ్లు.

"వినిపించింది గదా సార్" అంది సిస్టరమ్మ. "టీ."

ఆయన పోయాడు. నేను గిన్నెను పక్కకు వాల్చి, కొత్త గుడ్డలో, కొత్త టేపుతో మూట కట్టాను. కోతి గురించి ఎవరూ ఎత్తలేదు. మిషన్ తిరుగుతున్నంతసేపూ నేను ఆ పచ్చ రంగునే చూస్తూ నిలబడ్డాను. సిస్టరమ్మ నా పక్కన నిలబడింది.

తీశాను. అరచేయి పెట్టాను. ఎండుగా ఉంది, దుప్పటి లాగా వెచ్చగా ఉంది. కిటికీ దగ్గరికి తెచ్చేసరికి సర్జను సారే వచ్చి నిలబడి ఉన్నాడు. "ఆరిందా?" అంటూ తను కూడా చేయి చాచాడు. ఆ చేతికి మిరపకాయ బజ్జీ నూనె.

"ముట్టుకోవద్దు సార్, ముందు కడుక్కొని రాండి!"

ఆయన చేయి వెనక్కి లాక్కుని జేబులో పెట్టుకున్నాడు, బడిలో పిల్లాడి లాగా. ఇంక చెంచు పిల్ల ఆగలేదు, నేనూ ఆగలేదు, మా వెనక పిల్లి తుమ్మింది, మళ్లీ తుమ్మింది, ఆపకుండా తుమ్ముతూనే ఉంది. సర్జను కూడా నవ్వాడు. మూట మాత్రం మొదట వచ్చిన మనిషే కడిగిన చేతులతో తీసుకుపోయాడు.

సాయంత్రం సిస్టరమ్మ కాగితం ముందేసుకుని చాలాసేపు రాసింది. ఇంగ్లీషులో ఏవేవో రాసి, కింద తెలుగులో రెండు మూడు వరుసలు రాసింది. నా తప్పు కూడా రాసిందేమోనని అడిగాను.

"ఏం రాసినావమ్మా? గిన్నె సంగతి రాసినావా?"

"రాసినా."

"అయితే చీపురేనా?"

ఆమె కాగితం ఎత్తి పట్టుకుని, ఒక్కో మాట మీద వేలు పెట్టి నాకు చదివి వినిపించింది. "ఈమె తన తప్పు తానే పట్టుకుంటుంది. ఇయ్యను అంటే డాక్టరు వచ్చినా ఇయ్యదు. మిషన్ ఈమెకే ఇవ్వండి." తరువాత అడుగున సంతకం గీకింది.

ఆళ్ళగడ్డ బస్సులో ఆ కాగితం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నవ్వు ఆగడం లేదు. పక్క సీటులో ఎవరో ఏమైందమ్మా అని అడిగారు. చెప్పబోతే మళ్లీ నవ్వు, మాట రాలేదు.